ప్లేటు వెనక్కి పంపడం ఎలా

నేను చాలా ఏళ్లు రెస్టారెంట్లలో ఫ్లోర్, అంటే టేబుళ్లుండే హాలు, చూసుకున్నాను. మొదట సర్వర్‌గా, తర్వాత కెప్టెన్‌గా, ఆపైన మేనేజర్‌గా. "మేనేజర్ని పిలవమ్మా" అని నాతోనే అన్నవాళ్లు బోలెడుమంది. "నేనేనండీ, చెప్పండి" అంటే ఒక్క క్షణం తడబడేవాళ్లు. అలా పిలిచిన ప్రతి టేబుల్ దగ్గరా నాకు తెలియాల్సింది ఒకటే: వీళ్లకి ఇప్పుడు ఏం కావాలి? చాలాసార్లు అది వాళ్లే తేల్చుకుని ఉండరు. కోపం ఉంటుంది, అడగాల్సింది ఉండదు. అలాంటప్పుడు మేనేజర్ క్షమించమంటాడు, పోయేటప్పుడు ఒక కాఫీ ఉచితంగా ఇస్తాడు, కథ అక్కడితో అయిపోతుంది. మీరు డబ్బు పెట్టి వచ్చింది ఆ కాఫీ కోసం కాదు కదా.

కాబట్టి ఎవరినైనా పిలిచే ముందు కాస్త ఆగి తేల్చుకోండి. అదే వంటకం సరిగ్గా చేసి తెమ్మంటారా? దాని బదులు వేరేది కావాలా? ఇక ఏదీ తినబుద్ధి కావట్లేదు, బిల్లులోంచి తీసేస్తే చాలా? లేక డబ్బు సంగతి అక్కర్లేదు, వాళ్లకి తెలియజేస్తే చాలనుకుంటున్నారా? ఏదో ఒకటి అడగండి. మీరు అడక్కపోతే మీ తరఫున ఎదుటివాళ్లే నిర్ణయిస్తారు, అదీ వాళ్లకి చవగ్గా పడేట్టు.

తప్పు వేరు, నచ్చకపోవడం వేరు అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి. మెనూలో "కారం తక్కువ" అని రాసి ఉండి నోరు మండితే తప్పు వాళ్లది. "బాగా కారం" అని రాసినదాన్ని మీరే ఎంచుకుని మండిందంటే అది మీ ఎంపిక. రెండో రకంలో నోరు మెదపకూడదని కాదు. "మీ తప్పేం లేదండీ, ఇది నాకు పడలేదు. దీన్ని తీసేసి వేరేది తెప్పిస్తారా? కావాలంటే రెండింటికీ కట్టేస్తాను" అని చెప్పి చూడండి. ఇలా చెప్పినవాళ్లకి మొదటి ప్లేటు డబ్బులు నేను చాలాసార్లు వేయలేదు. అదే "ఇది మనుషులు తినేదేనా?" అని మొదలుపెట్టినవాళ్ల దగ్గర మెనూ తెరిచి ఆ లైను చూపించాల్సి వచ్చేది.

ఎప్పుడు చెప్పాలి

రెండో ముద్దకే. మొదటి ముద్ద అనుమానం, రెండోది ఖాయం. ప్లేటు తెచ్చిపెట్టిన కాసేపటికి సర్వర్ మళ్లీ వచ్చి "అంతా బాగుందా అండీ?" అని అడుగుతాడు చూడండి, అది మర్యాద కోసమే అనుకుంటారు చాలామంది. మాకు శిక్షణలో నేర్పేదే అది: రెండు మూడు ముద్దలు తినే టైమిచ్చి వెళ్లి అడగమని. వంటగదిలో అప్పటికింకా ఆ పొయ్యి దగ్గరే మనిషి ఉంటాడు, సరిచేయడం తేలిక. మొహమాటపడి "బాగుంది" అనేశారంటే, తర్వాత మీరు ఏం చెప్పినా "అడిగినప్పుడు బాగుందన్నారండీ" అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది.

ప్లేటు మొత్తం ఖాళీ చేశాక బాగోలేదంటే నమ్మడం ఎవరికైనా కష్టం. పావు వంతు తిని ఆపేస్తే ఆ ప్లేటే మీ తరఫున మాట్లాడుతుంది. సర్వర్ కంటికి కనబడకపోతే చిటికెలు వేయకండి, మీరే లేచి కౌంటర్ దగ్గరికి వెళ్లి చెప్పండి. ప్లేటు మాత్రం టేబుల్ మీదే ఉంచండి. అది చేతిలో పట్టుకుని హాలంతా నడిచి వస్తే చెప్పబోయేది ఏమైనా గొడవలాగే కనిపిస్తుంది.

గిన్నె తప్పు, ప్లేటు తప్పు

ఇది బయటివాళ్లకి ఎవరూ చెప్పరు. వంటగదిలో జరిగే తప్పులు రెండు రకాలు. ఏ రకమో పోల్చుకుంటే ఏం అడగాలో దానంతటదే తెలుస్తుంది.

గ్రేవీలు, సూపులు, సాసులు పెద్ద గిన్నెలో ముందే ఒకేసారి చేసి పెట్టుకుంటారు. అందులో ఉప్పు ఎక్కువైతే మీకు మార్చి తెచ్చేది కూడా ఆ గిన్నెలోంచే. ప్లేటు కొత్తది, ఉప్పు పాతదే. అక్కడ "మార్చండి" అని కాకుండా "వేరే వంటకం ఇవ్వండి" అనాలి. వేపుళ్లలో పాత నూనె వాసన వచ్చినా ఇదే లెక్క. మళ్లీ మళ్లీ కాగిన నూనె నల్లబడుతుంది, నురగ కడుతుంది, చేదు వాసన పట్టేస్తుంది. ఆ పూట అందులో వేగినవన్నీ అలాగే ఉంటాయి. వేపుడు కానిదేదైనా తెప్పించుకోండి. ఎందుకు మార్చుకుంటున్నారో కూడా చెప్పండి, నూనె మారుస్తారేమో, మీ వెనక టేబుల్ వాళ్లకైనా పనికొస్తుంది.

మాంసం మధ్యలో పచ్చిగా ఉండటం, ఒక పక్క మాడిపోవడం, చల్లారిపోయి రావడం, ఒకటి చెబితే ఇంకోటి రావడం, ఇవి మీ ఒక్క ప్లేటుకే జరిగిన తప్పులు. రెండోసారి చేస్తే సరిగ్గా వస్తాయి. ఇక్కడ "కొత్తగా చేసి తెస్తారా?" అని అడగండి. "కాస్త వేడి చేసి తెండి" అన్నారంటే అదే ముక్కని మళ్లీ పొయ్యి మీద పెడతారు, పచ్చిది ఉడికేసరికి పైన ఎండిపోతుంది.

వెనక్కి పంపితే వంటవాళ్లు కోపంతో అందులో ఏదో కలుపుతారన్న భయం చాలామందికి ఉంది. నేను పనిచేసిన వంటగదుల్లో వెనక్కొచ్చిన ప్లేటు అంటే అదనపు పని, అంతే. రద్దీ వేళ ఎవరికీ కక్ష తీర్చుకునే తీరిక ఉండదు. భయపడాల్సింది ఇంకోదానికి: కొత్తగా చేశామని చెప్పి పాతదాన్నే సర్ది తెస్తారేమోనని. మీరు కోసిన గాటు అక్కడే ఉందేమో చూసుకోండి. పక్కన పెట్టిన కూరగాయలు మీరు తిన్నంత మేర తగ్గే ఉన్నాయంటే అది అదే ప్లేటు.

ఏ మాటలతో

మీరు సర్వర్‌తో చెప్పిన మాట తలుపు దాటి వంటగదిలోకి వెళ్లేసరికి సగమైపోతుంది. "బాగోలేదు" అని చెబితే లోపలికి చేరేది "బాగోలేదట" అని. వంటవాడు గరిటెతో కొంచెం రుచి చూసి "బానే ఉందే" అంటాడు. ఇక వాదన తప్ప ఏమీ ఉండదు. "మధ్యలో పచ్చిగా ఉంది", "ఉప్పు ఎక్కువ", "పులిసిన వాసన వస్తోంది", "అన్నం బిరుసుగా ఉంది" అని చెబితే ఆ మాట చెక్కుచెదరకుండా లోపలికి వెళ్తుంది, ఎందుకంటే అందులో చెయ్యాల్సిన పని కూడా ఉంది.

ఒకసారి ఓ పెద్దావిడ నన్ను పిలిచి, గొంతు కూడా పెంచకుండా, "చూడమ్మా, ప్లేటు పట్టుకుంటే చెయ్యి కాలుతోంది, లోపల చూస్తే చల్లగా ఉంది" అన్నారు. ఆవిడ ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. ముందెప్పుడో వండినదాన్ని మైక్రోవేవ్‌లో తిప్పి తెచ్చారని ఆ ఒక్క ముక్కతో తెలిసిపోయింది. లోపల ఎవరూ వాదించలేదు. కొత్తది వచ్చింది.

మాట ఇలా ఉంటే చాలు: "ఏమండీ, ఈ చేప మధ్యలో ఉడకలేదు. కొత్తగా చేసి తెప్పిస్తారా? ఎంతసేపు పడుతుందో చెప్పండి." ఏం జరిగిందో చెప్పారు, ఏం కావాలో అడిగారు. మూడో వాక్యం మీ పక్కవాళ్ల కోసం. మీ ప్లేటు వచ్చేలోపు వాళ్లవి చల్లారిపోతాయి కాబట్టి, ఎక్కువసేపు పట్టేలా ఉంటే త్వరగా అయ్యేది అడగడం మేలు. "మీరెప్పుడూ ఇంతే", "పోయినసారి కూడా ఇలాగే చేశారు" అనకండి. పోయినసారి డ్యూటీలో ఎవరున్నారో, ఏం జరిగిందో అక్కడ తేలదు. మాట దానిమీదికి మళ్లితే ఈ రోజు ప్లేటు సంగతి పక్కకిపోతుంది.

సర్వర్ మీద అరవడం దండగ కూడా. అతను వండలేదు, ధర పెట్టలేదు, చాలాచోట్ల బిల్లులోంచి ఏదీ తీసేసే అధికారం అతనికి లేదు. కావాల్సింది డబ్బుకి సంబంధించినదైతే నేరుగా, మర్యాదగా, "ఇది మీ చేతిలో లేదని తెలుసు, మేనేజర్‌తో మాట్లాడొచ్చా?" అనండి. ఆ మాటతో అతను మీ పక్షాన నిలబడి లోపల మీ గురించి బాగా చెబుతాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అనలేదు.

ఇచ్చిన డబ్బుకి తగ్గట్టు లేదనుకోండి

అన్నిటికన్నా కష్టమైన ఫిర్యాదు ఇదే. రుచి చెడితే ప్లేటు చూపించొచ్చు. "ఇంత డబ్బుకి ఇంతేనా?" అన్నదానికి చూపించేది ఏదీ ఉండదు, ధర మెనూలో ముందే ఉంది కనక. దీనికి ఒకటే దారి, వాళ్లు ఇచ్చిన మాట ఏదో పట్టుకోండి. మెనూలో రాసిన మాట, ఫోటోలో చూపించింది, సర్వర్ నోటితో చెప్పింది. "ఇద్దరికి సరిపోతుందన్నారు, ఒక్కరికే వచ్చింది" అంటే అది నిలబడే ఫిర్యాదు. ఫోటోలో ఆరు ముక్కలుండి ప్లేటులో నాలుగే ఉంటే ఫోటో చూపించి అడగండి. ఏ మాటా ఇవ్వలేదు, ఊరికే ఖరీదెక్కువ అనిపించిందంటే అది మీ అభిప్రాయం. చెప్పండి, వాళ్లూ వినాలి. డబ్బు వెనక్కి వస్తుందని మాత్రం ఆశపడకండి. మళ్లీ వెళ్లకపోవడం మీ చేతిలో ఉంది.

తూకం దగ్గర ఒక చిక్కుంది. మాంసం వంటకాలకి మెనూలో వేసే బరువు చాలాచోట్ల వండక ముందుది. కాల్చినప్పుడు నీరు, కొవ్వు పోయి సుమారు పావు వంతు తగ్గడం మామూలే. అందుకే 200 గ్రాములని రాసి ప్లేటులో 150 గ్రాముల ముక్క వచ్చినంత మాత్రాన మోసమని అనలేం. "ఈ బరువు వండక ముందుదా, వండాకా?" అని ఆర్డర్ ఇచ్చేటప్పుడే అడిగితే గొడవే ఉండదు. ధర రాయకుండా "ఈ రోజు రేటు" అని పెట్టినవాటికీ, సర్వర్ నోటితో మాత్రమే చెప్పే "ఈ రోజు స్పెషల్"కీ అంతే. అడగడం చిన్నతనం అనుకుని ఊరుకుని, బిల్లు చూశాక గుండె పట్టుకున్నవాళ్లని నేను ఎంతమందినో చూశాను.

ఇంకో సంగతి తెలిసుంటే బేరం తేలికవుతుంది. ప్లేటు మీద వేసిన ధరలో సరుకుల ఖర్చు సుమారు మూడో వంతు లోపల ఉండేలా చూసుకోవాలన్నది ఈ వ్యాపారంలో పాత లెక్క. మిగతాది అద్దె, జీతాలు, గ్యాసు, కరెంటు వగైరా. అందుకే ఇంకో ప్లేటు ఇవ్వడానికి మేనేజర్ వెంటనే ఒప్పుకుంటాడు, పోయేది ఆ మూడో వంతే. బిల్లులోంచి తీసేయడానికి కొంచెం నసుగుతాడు. మొత్తం బిల్లు మాఫీ అంటే పైవాళ్లకి సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఒక్క వంటకం పాడైతే మొత్తం బిల్లు అడగడం వల్ల మీకు రావాల్సింది కూడా ఆలస్యమవుతుంది.

బిల్లు వచ్చాక మొత్తం చూసి కార్డు ఇచ్చేయకండి, లైను లైను చదవండి. తెప్పించుకోనివి, రెండుసార్లు పడ్డవి, వెనక్కి పంపినవి, అడక్కుండానే తెచ్చిపెట్టిన నీళ్ల సీసాలు, చిరుతిళ్లు అక్కడే దొరుకుతాయి. సర్వీస్ చార్జ్ పన్ను కాదు. అది తప్పనిసరా, ఇష్టమా అన్నది ఆయా చోటి చట్టాన్ని బట్టి ఉంటుంది. మెనూలో ముందే రాశారో లేదో చూడండి, సేవ బాగోలేనప్పుడు తీసేయమని అడగడంలో తప్పులేదు. అది కట్టాక మళ్లీ విడిగా టిప్పు ఇవ్వాలన్న మొహమాటమూ పెట్టుకోకండి.

ఎంత అడిగినా వాళ్లు ఒప్పుకోకపోతే డబ్బు కట్టకుండా లేచి వెళ్లిపోవద్దు. అప్పటిదాకా తప్పు వాళ్లదే అయినా ఆ అడుగుతో మీదైపోతుంది. అభ్యంతరం ఉన్నదేదో బిల్లు మీద రెండు ముక్కలు రాసి, ఫోటో తీసుకుని, కట్టేసి, రశీదు తీసుకోండి. కార్డుతో కట్టి ఉంటే, తెప్పించుకోనిదానికో రెండుసార్లు పడ్డదానికో కార్డిచ్చిన బ్యాంకులో అభ్యంతరం పెట్టుకునే వీలు సాధారణంగా ఉంటుంది. దానికి గడువుంటుంది కాబట్టి నాన్చకండి. రుచి బాగోలేదన్న కారణానికి మాత్రం బ్యాంకు వినదు.

ఇక్కడ రుచి మాట కాదు

కొన్ని సందర్భాల్లో మర్యాద, మొహమాటం అన్నీ పక్కన పెట్టేయాలి. గాజు పెంకో లోహపు ముక్కో కనిపిస్తే టేబుల్ మీద అందరూ తినడం ఆపేయాలి. ఆ ముక్కని వాళ్లకి ఇచ్చేయకుండా ముందు ఫోటో తీసి కాగితంలో చుట్టి మీ దగ్గరే ఉంచుకోండి. ఫలానాది నాకు పడదని చెప్పినా అదే వేసి తెచ్చి, పెదాలు వాచడమో ఊపిరి ఆడకపోవడమో మొదలైతే మేనేజర్‌తో మాట్లాడే పని తర్వాత, ముందు అంబులెన్స్.

వేడి సంగతి కూడా రుచి మాత్రమే అనుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్కలో వండేటప్పుడు లోపలి భాగం 70 డిగ్రీల సెల్సియస్ దాటాలి, వడ్డించేదాకా 60 డిగ్రీలకి పైన ఉంచాలి, చల్లగా ఉంచేవి 5 డిగ్రీల లోపు ఉండాలి, వండినది గది వేడిలో 2 గంటలకి మించి ఉండకూడదు. బఫేలో గోరువెచ్చగా ఉన్న మాంసం, అన్నం, గుడ్లు చూస్తే "ఇది వేడిగా లేదండీ, మార్చండి" అని చెప్పండి, వేసుకోకండి. అన్నంలో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. చికెన్ విషయంలో రంగొక్కటే నమ్మడానికి లేదు, బాగా ఉడికినా గులాబీ రంగు మిగలొచ్చు. మధ్యలో చల్లగా, జిగురుగా తగిలితే మాత్రం ఇక నోట్లో పెట్టుకోకుండా పంపేయండి.

తర్వాత వాంతులో విరేచనాలో పట్టుకుంటే అందరూ చివరగా తిన్న చోటినే తిడతారు. అది నిజం కావచ్చు, కాకపోవచ్చు. స్టాఫిలోకోకస్ అనే బ్యాక్టీరియా విషమైతే అరగంట నుంచి 8 గంటల్లో తిరగబడుతుంది. నోరోవైరస్‌కి 12 నుంచి 48 గంటలు, సాల్మొనెల్లా బ్యాక్టీరియాకి 6 గంటల నుంచి 6 రోజులు పడుతుంది. అందుకని ఫోన్ చేసి నిందించే ముందు గడిచిన వారం రోజుల్లో ఎక్కడెక్కడ ఏం తిన్నారో రాసుకోండి. మీతో అదే వంటకం తిన్నవాళ్లకీ వచ్చిందా అని కనుక్కోండి, అన్నిటికన్నా గట్టి ఆధారం అదే. ప్యాక్ చేయించుకున్నది మిగిలి ఉంటే పారేయకుండా మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, మీద "తినొద్దు" అని రాసి. రక్తం పడినా, జ్వరం 39 డిగ్రీలకి చేరినా, నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మీ ప్రాంతంలో ఆహార భద్రత చూసే అధికారులకి చెప్పడం కూడా మానకండి. ఒకే చోటి గురించి ఇద్దరు ముగ్గురు చెబితేనే వాళ్లకి తీగ దొరుకుతుంది.

అడగడమంటేనే తప్పు చేస్తున్నట్టు ముడుచుకుపోయేవాళ్లకి ఒక మాట. 1962 మార్చి 15న అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ అక్కడి కాంగ్రెస్‌కి పంపిన సందేశంలో వినియోగదారులకి నాలుగు హక్కులు చెప్పాడు. భద్రత, సమాచారం, ఎంచుకునే వీలు, నాలుగోది తన మాట వినిపించే హక్కు. మార్చి 15ని ప్రపంచ వినియోగదారుల హక్కుల దినంగా జరపడం అందుకే.

ఇంటికొచ్చాక

అక్కడ చెప్పలేకపోయినా, చెప్పి పని జరక్కపోయినా, ఒకట్రెండు రోజుల్లో రాయండి. పొడుగు ఉత్తరాలు నేను పూర్తిగా చదివేదాన్ని కాదు, నిజం చెబుతున్నాను. తారీకు, వేళ, టేబుల్ నంబరో బిల్లు నంబరో, వంటకం పేరు, అందులో ఏం తేడా, ఎవరికి చెప్పారు, వాళ్లేమన్నారు, ఇప్పుడేం కోరుతున్నారు, ఎన్ని రోజుల్లో జవాబు కావాలి. అర పేజీ. బిల్లు ఫోటో జతచేయండి. బిల్లు నంబరుంటే ఆ ప్లేటు ఎవరి పొయ్యి మీద నుంచి వచ్చిందో కూడా మేం పట్టుకోగలం, అది లేకపోతే ఆ పూట వచ్చిన వందల ఆర్డర్లలో వెతకాలి.

రివ్యూ పెట్టాలనుకుంటే పెట్టండి, జరిగింది జరిగినట్టు. "ఉప్పు ఎక్కువైంది, చెబితే మార్చలేదు" అని రాస్తే చదివినవాళ్లు నమ్ముతారు. "దొంగలు, విషం పెడతారు" అంటే నమ్మరు, పైగా మీకే నోటీసు రావచ్చు. మార్చి ఇచ్చి ఉంటే ఆ ముక్క కూడా రాయండి, అదీ జరిగిందే. బేరం మధ్యలో "రివ్యూ పెడతాను చూడండి" అని మాత్రం బెదిరించకండి. ఆ మాట విన్న క్షణం నుంచి మేనేజర్ మీ ప్లేటు గురించి ఆలోచించడం మానేసి తన ఉద్యోగం గురించి ఆలోచిస్తాడు, ప్రతి మాటా తూచి మాట్లాడతాడు.

జవాబుగా చాలాచోట్ల కూపన్ వస్తుంది. ఎప్పటిదాకా చెల్లుతుంది, కనీసం ఎంత బిల్లు చేస్తే వాడుకోవచ్చు, ఏ రోజుల్లో పనికిరాదు అన్నవి చదవండి. దాన్ని వాడుకోవాలంటే బాగోలేదన్న చోటికే మళ్లీ వెళ్లాలి, ఇంకా కొంత చేతినుంచి పెట్టుకోవాలి. వద్దనుకుంటే తీసుకోవద్దు. "కూపన్ వద్దండీ, ఆ ఒక్క వంటకం డబ్బులు కార్డుకి వెనక్కి వేయండి" అని ఒక లైను రాయండి. అడిగినవాళ్లకి నేను వేసేదాన్ని.